చప్పిడి ఆదివారాలు, సీఐడీ బొమ్మలు

నా కుడికంట్లో శుక్లం తీసి ఇవాళ్టికి పదిహేను రోజులు. తలమీద నీళ్లు పోసుకోవద్దన్నారు, పోసుకోవడం లేదు. కిందికి వంగొద్దన్నారు, వంగడం లేదు. ఫోను ముట్టుకోవద్దన్నారు, అదొక్కటే నా వల్ల కావడం లేదు. కోడలు సుజాత గదిలోకి వచ్చినప్పుడల్లా ఫోను గుండెల మీద బోర్లించి, "ప్రవచనం వింటున్నానమ్మా" అంటాను. నేను చూసేది ప్రవచనం కాదు, పాత సీఐడీ బొమ్మలు. హీరో చెయ్యి ఆనిస్తే అట్టగోడ ఊగిపోయే బొమ్మలు, దారం కట్టిన విమానం ఎగిరే బొమ్మలు, దుర్మార్గుడి గుహలో పెళ్లిపందిరి కంటే ఎక్కువ రంగుబల్బులు వెలిగే బొమ్మలు. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు ప్రబంధాలు పాఠం చెప్పి, మంచి అభిరుచి అంటే ఏమిటో గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చిన మనిషిని. నా దగ్గర చదువుకున్న పిల్లలెవరైనా ఇప్పుడు నా దుప్పటి ఎత్తి చూస్తే నా పరువు శ్రీకాకుళం నాగావళిలో కలుస్తుంది.

మొన్న సుజాత ఆస్పత్రి కాగితాల కోసం బీరువా అంతా తిరగేస్తూ అడుగు అరలోంచి ఒక పాత నల్లద్దాల జత బయటికి తీసింది. ఒక కాడ ఊడిపోతే పసుపుదారం చుట్టి ముడివేసి ఉంది. "ఇవెవరివి అత్తయ్యా? మీ కళ్లద్దాల కంటే బాగున్నాయే" అంది. మా మామ్మవని చెప్పాను. మా నాన్నవి కూడా అన్నాను. ఒక జత అద్దాలు ఇద్దరివెలా అవుతాయని అడిగింది. అదంతా చెప్పాలంటే ముందు నా ఫోను కథ ఒప్పుకోవాలి కనక, నిద్ర వస్తోందని గోడవైపు తిరిగిపోయాను. ఆమెకు చెప్పని కథే ఇక్కడ రాస్తున్నాను.

మాది నరసన్నపేట. నాన్న అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన దృష్టిలో సినిమా అంటే కలరా తర్వాతి జబ్బు. హాలు దగ్గర కనిపించిన విద్యార్థి మర్నాడు ప్రార్థన దగ్గర అందరి ముందూ నిలబడాలి, "సినిమా చూచువాడు చెడిపోవును" అని వందసార్లు రాసి తేవాలి. మామ్మ ఆయన తల్లి. తెల్లచీర, నుదుట విభూతి, నోట్లో ఎప్పుడూ ఏదో స్తోత్రం. పొద్దున్నే దూడకి గడ్డివేసి, చారెడు బియ్యం కాకులకి చల్లి, అప్పుడు గానీ కాఫీ ముట్టుకునేది కాదు. ఆవిడ గది దాటి వెళితే కర్పూరం, ఆముదం, ఎండిన తులసి కలిసిన వాసన ఒకటి వెనకే వచ్చేది. ఈ వాసనకీ సీఐడీ బొమ్మకీ చుట్టరికం ఎలా కుదిరిందో ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

మామ్మకి రెండు కళ్లూ మసకబారాయి. ఆపరేషన్ చేస్తే కుడికన్ను నిలబడింది, ఎడమకన్ను నరం ఎండిపోయిందన్నారు. ఆపరేషన్‌కి ముందే, చూపు తిరిగివస్తే పదకొండు ఆదివారాలు అరసవల్లి వస్తానని, ఆదివారం పూట ఉప్పు ముట్టనని మామ్మ సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. మావైపు కళ్ల జబ్బుకి డాక్టరు ఎంతో ఆ స్వామీ అంతే. పాలల్లో ఉడికించిన అన్నం, ఉప్పు లేని పప్పు, అదీ ఆదివారం చప్పిడి. ఆవిడకి తోడుగా వెళ్లే ఉద్యోగం నాకిచ్చారు. అప్పుడు నాకు పదేళ్లు. ఆస్పత్రివాళ్లిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, ఇత్తడి చెంబు చేతపట్టుకుని మామ్మ బస్సెక్కుతుంటే కండక్టరు కూడా లేచి చోటిచ్చేవాడు.

మొదటి ఆదివారం దర్శనం పెందలాడే అయిపోయింది. మధ్యాహ్నం బస్సు చెడిందన్నారు, మళ్లీ సాయంత్రం దాకా లేదు. ఎండ మాడ్చేస్తోంది. శ్రీకాకుళంలో ఒక సినిమాహాలు గోడ మీద దేవుడి బొమ్మ పోస్టరు కనిపించింది. అది పోయిన వారం బొమ్మ. శుక్రవారమే మారిపోయింది, కొత్త పోస్టరు హాలు లోపల అంటించారు, గోడ మీది పాతది చింపడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. మామ్మకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

"ఒసే గుంటా, జోళ్లు బయటే ఇడిసీ. లోపల దేవుడున్నాడు" అంది. సినిమాహాలు గుమ్మం ముందు రెండు జతల చెప్పులు వరసగా పెట్టి, ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఆడవాళ్ల బెంచీల్లో ముందు వరసలో చేతులు జోడించి కూచుంది. తెర మీద చీకటి. పైనించి ఒక తాడు దిగింది. తాడు పట్టుకుని ఒక మనిషి జారాడు.

"సూర్నారాయణమూర్తీ, ఎంత సక్కగా దిగినావు తండ్రీ" అంటూ మామ్మ చెంపలేసుకుంది. కిందికి దిగిన ఆ మనిషి జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించాడు. మామ్మ జోడించిన చేతులు అలాగే ఆగిపోయాయి. "ఒలమ్మో! ఏటే ఇది, దేవుడు సుట్ట కాలుస్తన్నాడు!"

వెనక బెంచీల్లో ఆడవాళ్లు నవ్వారు. నాకు సిగ్గు ముంచుకొచ్చి, ఇది దేవుడి బొమ్మ కాదని, వెళ్లిపోదామని చెయ్యి లాగాను. ఈలోగా తెర మీద ఇనపపెట్టె ఒకటి కనిపించింది. అందులో దేశాన్ని బూడిద చేసే రహస్యం ఏదో ఉందట. మామ్మ నా చెయ్యి విడిపించుకుంది. "కూకోయే. ఒచ్చీసినాం కదా. ఆ పెట్టిలో ఏటున్నాదో సూసీసి పోదాం."

పెట్టెలో ఏముందో చివరిదాకా చెప్పలేదు. అదొక్కటే మా కొంప ముంచింది. బయటికొస్తే మా చెప్పులు లేవు. వేడి రోడ్డు మీద గెంతుకుంటూ బస్టాండుకి పోతుంటే నాకు భయం పట్టుకుంది. నాన్న అడిగితే ఏం చెప్పాలన్నాను. "గుడి కాడ జోళ్లు పోనాయని సెప్పు. గుడి కాడ జోళ్లు పోటం కొత్తేటి?" అంది. మరి దేవుడు ఊరుకుంటాడా అన్నాను. మామ్మ నడిరోడ్డు మీద ఆగి నన్ను కిందా మీదా చూసింది. "ఉప్పు మానతానని మొక్కినాను గానీ బొమ్మ మానతానని మొక్కినానేటే?"

ఆ రోజు నుంచి ఆవిడ ధర్మశాస్త్రమంతా ఈ ఒక్క వాక్యం మీదే నడిచింది. ప్రతి ఆదివారం దర్శనం కాగానే మేమూ హాలుకే నడిచాం. మొక్కు మాత్రం వీసమెత్తు తప్పలేదు. ఇంటర్వెల్లులో వేయించిన వేరుశనగలు అమ్ముకునే ముసలాయన పొట్లం చుట్టబోతే, "ఉప్పెయ్యకు, ఇయాల ఆదివారం" అని ఆపేది. చేతులు కడుక్కొచ్చి, స్వామిని తలుచుకుని, ఒక్కొక్క గింజా పొట్టు తీసి తినేది. మొక్కు ఇంత నిష్ఠగా సాగిస్తూ మిగతా విషయంలో అంత ధైర్యంగా అబద్ధమాడగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బొమ్మలు కూడా ఎలాంటి బొమ్మలు! హాంకాంగు అని బోర్డు రాసి పెట్టేవారు. ఆ బోర్డు వెనక తాటిచెట్టు, దానికి వేలాడే కుండ. "హాంకాంగులో కూడా కల్లు గీస్తారేటే?" అని మామ్మ ఆశ్చర్యపోయేది. దుర్మార్గుడి మనుషులు ఆరుగురే, వాళ్లే అన్ని చోట్లా చచ్చేవారు. "అడిగో, మీసాలోడు. ఇందాక గుహలో సచ్చినాడు కదే, మళ్లీ ఒచ్చీసినాడు. పాపం, ఎన్నిసార్లని సస్తాడు?" అని జాలిపడేది. బూటు మడమలో వైర్‌లెస్సు, పూలకుండీలో కెమెరా, గోడకున్న పులితల కన్నులో పిస్తోలు. ఆవిడకి అన్నిటికంటే కోపం తెప్పించేది మారువేషం. హీరో బుగ్గ మీద పులిపిరి అంటించుకుని, నల్లద్దాలు పెట్టుకుని సొంత ఇంటికి వెళితే కన్నతల్లి "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగేది. "ఇదేటి తల్లే! కన్నకొడుకుని గుర్తట్టదా? మీ నాన్న ఏ ఏసమేసుకొచ్చినా ఆడి అడుగు సప్పుడికే సెప్పీగల్ను నాను" అని అరిచేది. హాలంతా "అమ్మా, కూకోండి" అనేవారు.

పదకొండు ఆదివారాలు ఇట్టే అయిపోయాయి. చివరి ఆదివారం తిరుగుబస్సులో వస్తున్నాం. చిలకపాలెం... కాదు కాదు, అది అటువైపు, మా దారిలో లేదు. ఏ ఊరో గుర్తులేదు, చెరకు బళ్లు అడ్డమొచ్చి బస్సు ఆగింది. అప్పుడు మామ్మ నల్లద్దాలు తీసి కిటికీలోంచి చాలాసేపు చూసింది. "ఎడం కన్ను ఎలాగూ పోనాది. ఈ కన్ను ఎన్నాళ్లుంటాదో డాకటేరు సెప్పలేదు, ఆ స్వామీ సెప్పలేదు. ఉన్నన్నాళ్లు సూసుకోనీయే గుంటా. మీ నాన్నకి తెలిస్తే ఇంక గడప దాటనివ్వడు" అంది. అప్పటిదాకా అది నాకు ఆట. ఆ మాటతో ఆట కాకుండా పోయింది. పదేళ్ల దాన్ని, ఒక మనిషి చూపు కాపలా కాస్తున్నానని అనిపించింది.

ఇంటికి రాగానే మామ్మ ప్రకటించింది, కొడుకు బదిలీ ఆగాలని ఇంకో పదకొండు ఆదివారాలు మొక్కుకున్నానని. అవి అయ్యాక ఎదురింటి కోడలి పురుడు సుఖంగా కావాలని. ఆ తర్వాత మా గేదె. "అమ్మా, గేదికేటి కళ్లజబ్బు?" అని నాన్న అడిగాడు. "పాలు తగ్గినాయి కదరా. స్వామికి అన్నీ ఒకటే" అంది మామ్మ. బదిలీ ఆగింది, పురుడు సుఖంగా అయింది, గేదె పాలు కూడా పెరిగాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ కోసం కూడా మొక్కుకోమని బతిమాలడం మొదలుపెట్టారు. ఊళ్లో సగం కష్టాలు మామ్మ సినిమా చూడటం వల్లే తీరాయి.

గేదె వారాలు నడుస్తుండగా మామ్మ నల్లద్దాలు పోయాయి. గూట్లో పెట్టినవి పెట్టినట్టే మాయమయ్యాయి. అప్పటికే ఒక కాడ ఊడితే పసుపుదారం కట్టుకుంది. ఇల్లంతా వెతికాం. "ఎలకలు పట్టికెళ్లీసుంటాయి" అన్నాడు నాన్న, పేపరులోంచి తల ఎత్తకుండా. ఎలకలకి నల్లద్దాలెందుకని నేననుకున్నాను గానీ లెక్కల మాస్టారితో వాదించే పిల్లని కాదు. ఆయనకి ఆ రోజుల్లో ఆదివారం ఆదివారం శ్రీకాకుళంలో ఉపాధ్యాయ సంఘం సమావేశాలుండేవి. మేం మొదటి బస్సుకి పోతే ఆయన తర్వాతి బస్సుకి వచ్చేవాడు.

ఆ ఆదివారం బొమ్మలో ఇంటర్వెల్లు పడి దీపాలు వెలిగాయి. ఆడవాళ్ల బెంచీలకీ మగవాళ్ల బెంచీలకీ మధ్య నడుమెత్తు గోడ. అటువైపు చూశాను. హాల్లో అందరూ కళ్లు నులుముకుంటూ లేస్తుంటే ఒకాయన మాత్రం దీపం వెలగగానే హడావిడిగా నల్లద్దాలు తగిలించుకున్నాడు. తలకి తువ్వాలు చుట్టి చెవులు కప్పుకున్నాడు. నల్లద్దాల కాడకి పసుపుదారం.

అయిపోయింది, ఆదివారాలు అయిపోయాయి, మామ్మ చూపు కూడా అయిపోయినట్టే అనుకున్నాను. మమ్మల్ని పట్టుకోవడానికి వచ్చాడనే అనుకున్నాను మరి. ఆయన ముఖం కూడా సుద్దముక్కలా తెల్లబోయిందని, ఒళ్లో సగం తిన్న పొట్లం ఉందని అప్పుడు నాకు పట్టలేదు. "మామ్మా! నాన్న!" అని ఆవిడ చెయ్యి గిల్లాను.

మామ్మ మెల్లగా తలతిప్పి, ఉన్న ఒక్క కంటితో గోడ అవతలికి చూసింది. చాలాసేపు చూసింది. ఆయన కదల్లేదు.

"ఎవులే?" అంది మామ్మ చివరికి, అటువైపు కూడా వినబడేలా. "ఆడా? ఎవులో పరాయూరోడిలాగున్నాడు. నల్లద్దాలోడు. నాకేటి తెల్దు." ఇటు తిరిగి వేరుశనగల ముసలాయన్ని పిలిచింది. "ఇదిగో బావూ, ఆ తువ్వాలాయనకి ఒక పొట్లం ఇయ్యి. ఉప్పు, కారం రెండూ దండిగా ఎయ్యి, నిమ్మకాయ పిండు. ఆడి మొకం మీదే అలాగే ఇష్టమని రాసున్నాది."

మా నాన్న వేరుశనగలు ఎప్పుడు తిన్నా అలాగే తినేవాడు. ఉప్పూ కారం దండిగా, పైన నిమ్మకాయ. పొట్లం చేతికొచ్చాక ఆయన దాన్ని విప్పి, వాసన చూసి, తల వంచుకుని ఒక్కటీ విడిచిపెట్టకుండా తిన్నాడు. దీపాలారాయి. మిగతా సగం బొమ్మలో ఏం జరిగిందో నాకు తెలియదు.

సాయంత్రం మేం ఇంటికొచ్చిన గంటకి ఆయనొచ్చాడు, తువ్వాలు భుజం మీద వేసుకుని. కాళ్లు కడుక్కుని వచ్చి కూచున్నాడు. "దర్శనం బాగా అయ్యిందా అమ్మా?" అన్నాడు. "దివ్యంగా అయ్యింది. నీ మీటింగు?" "బాగానే అయ్యింది." "తీర్మానాలేటి సేసినారు?" నాన్న గొంతు సవరించుకున్నాడు. "దుర్మార్గుల్ని వదలకూడదని." మామ్మ సీరియస్‌గా తలూపింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. మామ్మ చీర మడతల్లోని వేరుశనగ పొట్టూ నాన్న చొక్కా జేబులోని వేరుశనగ పొట్టూ ప్రతి సోమవారం బావి దగ్గర దులిపేది ఆవిడే. మా ఇంట్లో అసలు సీఐడీ అమ్మ.

మర్నాడు నల్లద్దాలు గూట్లో వాటి చోట వాటిలాగే ఉన్నాయి. ఎలకలు తెచ్చి పెట్టాయని ఎవరూ అనలేదు. గేదె మొక్కు తీరిపోయే వారం నాన్నే అన్నాడు: "అమ్మా, ఈ ఏడు మా పదో తరగతి పిల్లలకి లెక్కలు సరిగా రావట్లేదు. ఆలకోసం ఓ పదకొండు వారాలు మొక్కుకోకూడదా?" మామ్మ చాలా ఆలోచించినట్టు మొహం పెట్టి సరేనంది. బళ్లో మాత్రం "సినిమా చూచువాడు చెడిపోవును" వందసార్లు రాయించడం ఆగలేదు. దానికి నేను నాన్నని చాలాకాలం క్షమించలేదు. తర్వాత నేనూ టీచరునై, తరగతిలో నవల చాటుగా చదివే పిల్లని బయట నిలబెట్టి, ఆ నవల నేను ఇంటికి పట్టుకెళ్లి చదివిన రోజున క్షమించాను.

మూడో ఏడు మామ్మ కుడికన్ను కూడా ఆరిపోయింది. వీధరుగు మీద నులకమంచం వేసుకుని కూచునేది. ఆదివారం చప్పిడి మానలేదు. చూపు లేని మనిషికి ఇంక స్వామితో పనేమిటని ఎవరో అంటే, "ఇచ్చినన్నాళ్లు ఇచ్చినాడు కదా" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. కంటికి మంచిది కాదు.

అప్పుడు నాన్న ఒక పని మొదలుపెట్టాడు. ఆదివారం మాటినీ చూసి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం పట్టె మీద కూచుని, "అమ్మా, ఇయాల ఒక డిటెక్టివ్ నవల చదివినాను" అనేవాడు. "సెప్పరా" అనేది మామ్మ. ఊరంతా వణికే మా మాస్టారు "ఢాం! ఢాం!" అని తుపాకులు పేల్చేవాడు, జీపులు తోలేవాడు, రౌడీల చావుకేకలు పెట్టేవాడు. అరుగు కింద కోళ్లు చెదిరి పారిపోయేవి. ఆయన మాటల్లో గోడలు ఊగేవి కావు, విమానానికి దారం ఉండేది కాదు. మామ్మే ఆపి అడిగేది, "మీసాలోడు ఎన్నిసార్లు సచ్చినాడ్రా?" అని. "మూడమ్మా" అనేవాడు నాన్న. అప్పుడు గానీ తృప్తిపడేది కాదు.

ఒక ఆదివారం మారువేషం కథ వచ్చింది. హీరో నల్లద్దాలు పెట్టుకుని తల్లి ముందుకి వెళ్లాడు. మామ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆ తల్లి గుర్తట్టిందేట్రా?"

నాన్న తుపాకీ పట్టినట్టు ఎత్తిన చెయ్యి దించేశాడు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను, నా చేతులు కూడా ఆగిపోయాయి. "గుర్తట్టీసిందమ్మా. సూడగానే గుర్తట్టీసింది. సెనక్కాయలు కూడా పంపింది" అన్నాడు.

"ఉప్పేసినవేనా?"

"ఉప్పూ కారం కూడా." నాన్న మంచం పట్టె మీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "మరి పైకి ఎందుకు సెప్పలేదమ్మా ఆ తల్లి?"

మామ్మ గాలిలో తడిమి, ఆయన తల దొరికాక దాని మీద చెయ్యి వేసింది. "సెప్పీస్తే ఇంటర్వెల్లుకే బొమ్మ అయిపోతాది కదరా, ఎర్రోడా."

నాన్న ఆ చెయ్యి తన తల మీద అలాగే ఉండనిచ్చాడు. తర్వాత, "అప్పుడు జీపు లోయలో పడిపోనాది" అన్నాడు.

మామ్మ పోయాక ఆ నల్లద్దాలు నాన్న బల్ల సొరుగులో ఉండేవి. నాన్న పోయాక నేను తెచ్చుకున్నాను. ఇప్పటి సీఐడీ బొమ్మలు నా మనవడు పెద్ద టీవీలో చూపించాడు. నిజంగానే విమానాలు పేలుతున్నాయి, నిజంగానే హాంకాంగు వెళ్లారు, తాటిచెట్టు ఒక్కటి లేదు. పదినిమిషాల్లో నిద్రపోయాను. ఏ గోడా ఊగకపోతే మనం చూసీ చూడనట్టు ఊరుకునే పనేముంది? పైగా ఇప్పుడు ఎవరూ ఎవరినీ చూడనట్టు ఊరుకోవడానికి వీల్లేదు. నేను దుప్పటి కింద ఏం చూశానో నా ఫోను టీవీకి చెప్పేస్తుంది, టీవీ హాల్లో అందరి ముందూ "మీకు నచ్చేవి" అని వరసగా పరిచేస్తుంది. ఎలకల మీద నెట్టేద్దామన్నా ఈ అపార్టుమెంటులో ఎలకలు లేవు.

ఇందాక మధ్యాహ్నం బొమ్మ మంచి పట్టులో ఉంది. గుహలో కాల్పులు. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోను ఎప్పుడు ఊడిందో చూసుకోలేదు. తుపాకుల మోత గదంతా మోగుతుంటే గుమ్మంలో సుజాత, మందుచుక్కల సీసాతో. ఫోను గుండెల మీద బోర్లించాను. లోపల మీసాలవాడెవడో "చచ్చాన్రోయ్" అని అరిచాడు. "ప్రవచనం" అన్నాను.

సుజాత నా కంట్లో చుక్కలు వేసింది. తలగడ సరిచేసింది. పసుపుదారం కట్టిన పాత నల్లద్దాలు తీసి నా కళ్లకి పెట్టింది. "యుద్ధకాండ అనుకుంటాను అత్తయ్యా. వినండి" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. కాసేపటికి మళ్లీ తలుపు తెరిచి ఒక గిన్నెడు వేరుశనగలు పక్కన పెట్టి పోయింది. ఉప్పూ కారం సరిపోయాయి.